నీరు పల్లమెరుగు

నేనాడిన అబద్ధం రెండంకెలది. 71ని 84 అన్నాను.

అవతలి గదిలోంచి మా మేనకోడలు "మామయ్యా, నీదెంత?" అని కేకేసింది. నేను రజాయిలోంచి తల కూడా బయటపెట్టకుండా "ఎనభై నాలుగు!" అని అరిచాను. రాసేసుకుంది. బయట త్సో మోరీరి సరస్సు మీంచి వచ్చే గాలి కిటికీ సందుల్లో ఈల వేస్తోంది. మేమున్న ఊరు లద్దాఖ్‌లోని కోర్జోక్. సముద్రమట్టానికి 4,500 మీటర్ల పైచిలుకు ఎత్తు. నా వేలికి పెట్టుకున్న ఆక్సీమీటరు, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మిషన్, దాని మీద ఎర్రటి అంకె 71, 72 మధ్య ఊగుతోంది. చేతులు చల్లబడితే ఈ మిషన్ తప్పు చూపిస్తుందని ఎక్కడో చదివాను. నిజమే, చూపిస్తుంది. ఆ రాత్రి నాకు ఆ ఒక్క ముక్కే గుర్తుంది, మిగతా చదివినవన్నీ మర్చిపోయాను.

ఎందుకాడానో చెప్పాలంటే మా బృందం సంగతి చెప్పాలి. ఐదుగురం. నేను, 62 ఏళ్ళ మా అన్నయ్య, మా అక్క కూతురు, ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటు, వాడి భార్య. అన్నయ్య రిటైరైన తెలుగు మాస్టారు. బీపీకి మాత్ర వేసుకుంటాడు, కుడి మోకాలు కాస్త మొరాయిస్తుంది. ఆయన్ని తీసుకెళ్ళాలా వద్దా అని ఇంట్లో వారం రోజులు పంచాయితీ నడిచింది. చివరికి డాక్టరు సరే అన్నాక వదిన నన్ను పక్కకి పిలిచి "ఆయన్ని నువ్వే చూసుకోవాలి" అని అప్పగించింది. యాత్ర ఆలోచన నాది, ఎక్సెల్ షీటు నాది, ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో తేల్చింది నేను. అన్నయ్యకి ఆ రాత్రి 86 వచ్చింది. ఆయన్ని చూసుకోవాల్సినవాడికి 71 వచ్చిందంటే నామర్దా కాదూ!

ఇదంతా 2023 సెప్టెంబరు సంగతి. హాన్లేలో చుక్కలు చూడాలని అమావాస్య దగ్గర చూసుకుని మరీ బయల్దేరాం. అక్కడి నుంచి అనుమతి దొరికితే ఉమ్లింగ్ లా దాకా పోవాలని నా పథకం. 'లా' అంటే కనుమ. ఎత్తు 5,798 మీటర్లు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డుగా 2021లో గిన్నిస్‌కెక్కిన చోటు. నా ఎక్సెల్ షీటులో ఆ గడికి పసుపు రంగు వేసి పెట్టుకున్నాను.

లేహ్‌లో రెండు రోజులు ఏమీ చేయకుండా కూర్చున్నాం. చేయకూడదు కూడా. విమానం దిగేసరికి 3,500 మీటర్ల ఎత్తున ఉంటాం, ఒంటికి ఆ గాలి అలవాటు కావాలి. గాల్లో ఆక్సిజన్ పాళ్ళు ఎక్కడైనా ఒకటే, 21 శాతం. తగ్గేది పీడనం. లేహ్‌లో సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులు, కోర్జోక్ దగ్గరికి వచ్చేసరికి సగం కంటే కాస్త ఎక్కువ. అంటే ఒక్కో ఊపిరికి మనకి దక్కేది అంతే. మెట్లెక్కుతూ మాట్లాడితే వాక్యం మధ్యలో ఆగిపోతుంది. మా సూట్‌కేసులో చిప్స్ ప్యాకెట్లు దిండ్లలా ఉబ్బాయి, షాంపూ సీసా మూత తియ్యగానే సగం చేతిలోకి కక్కింది.

విమానమెక్కే ముందురోజు నుంచీ డయామాక్స్, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర, వేసుకుంటున్నాం, డాక్టరుని అడిగే. సల్ఫా మందులు పడనివాళ్ళకి అది సరిపడకపోవచ్చని చెప్పారు. ఆ మాత్ర వేసుకుంటే వేళ్ళ చివర్లు చీమలు పాకినట్టు జివ్వుమంటాయి, సోడా తాగితే చప్పగా ఉంటుంది, ఒంటికి మాటిమాటికీ పోవాల్సి వస్తుంది. మూడోది గుర్తుపెట్టుకోండి, కథలో దాని పాత్ర ఉంది.

మా డ్రైవరు లద్దాఖీ మనిషి, మేం తిరగబోయే చాంగ్‌థాంగ్ ప్రాంతంలోనే పుట్టినవాడు, యాభై దాటి ఉంటాయి. అక్కడ అన్నని 'అచో' అంటారు, చివర్న మన 'గారు' లాంటి 'లే' తగిలిస్తే 'అచోలే'. మేమందరం అలాగే పిలిచాం, మా అన్నయ్యతో సహా. మూడో రోజు పొద్దున్నే బండెక్కేటప్పుడు అచోలే తన హిందీలో ఒక మాట అన్నాడు. "సర్, ఇవాళ చుమాథాంగ్‌లో ఆగిపోదాం. వేడినీటి ఊటలు ఉన్నాయి. రేపు సరస్సుకి పోదాం."

చుమాథాంగ్ సుమారు 4,000 మీటర్ల ఎత్తు. 3,000 దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ పడుకునే చోటి ఎత్తు 500 మీటర్లకి మించి పెంచకూడదని వైద్యులు చెప్పే లెక్క. మేం ఒక్కరోజులో వెయ్యి పెంచబోతున్నాం. ఆ లెక్క నాకు తెలుసు. అయినా "అక్కడ చూసేదేముంది అచోలే, ఒక రోజు వేస్టు" అన్నాను. ఆయన మళ్ళీ చెప్పలేదు. బండి స్టార్ట్ చేశాడు.

దారి గురించి రాయడం మొదలుపెడితే ఆగను కాబట్టి కొంచెమే చెప్తాను. ఉప్షీ దగ్గర మనాలీ రోడ్డు వదిలేసి ఎడమకి తిరిగితే సింధునది పక్కనే ఉంటుంది, గంటల తరబడి. నది ఆకుపచ్చ, కొండలు ఒకచోట వంకాయరంగు, ఒకచోట కాల్చిన ఇటుక, ఒకచోట బూడిద. చెట్టు అన్నది ఊరు ఉంటేనే. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన, మంచు కలిపి 100 మిల్లీమీటర్లు ఉంటుంది. మన రాష్ట్రంలో కరువుసీమ అనుకునే అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. నైరుతి రుతుపవనం హిమాలయాల అవతలే తడిసి ముద్దయి ఆగిపోతుంది, ఇవతలికి పొడి గాలే వస్తుంది. ఎండలో నిలబడితే ముఖం కాలుతుంది, అదే మనిషి నీడలో ఉన్న కాలు చలికి తిమ్మిరెక్కుతుంది. ఒకే ఒంట్లో రెండు కాలాలు.

మాహే వంతెన దగ్గర పర్మిట్ జిరాక్సు ఇచ్చి నది దాటాం. పుగా లోయలో నేలలోంచి ఆవిరి లేస్తుంటే, గంధకం వాసనకి మా మేనకోడలు ముక్కు మూసుకుంది. ఆ పక్క మైదానంలో కియాంగ్‌లు, అంటే అడవి గాడిదలు, గాడిద అనడానికి నోరు రానంత ఠీవిగా ఉన్నాయి. నాలుగు మా బండికి సమాంతరంగా పరిగెత్తాయి.

ఆ తర్వాత చూసింది మాత్రం వివరంగా చెప్పాలి. రోడ్డుకి కాస్త దూరంలో చాంగ్‌పాల, అంటే మందలతో తిరిగే చాంగ్‌థాంగ్ సంచారుల విడిది. జడల బర్రె వెంట్రుకలతో నేసిన నల్లటి గుడారం, దాన్ని 'రెబో' అంటారు. ఒక ముసలమ్మ, ఒక పిల్ల మేకల పాలు పితుకుతున్నారు. డెబ్బై ఎనభై మేకలు రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఈ వరస మేక తల ఆ వరస మేక మెడ పక్కనుంచి అవతలికి, దాని తల ఇవతలికి. జడ అల్లినట్టు. మొత్తానికీ ఒకటే తాడు, మెడల మీదుగా మెలికలు తిరుగుతూ పోయింది. ఏ మేకా కదల్లేదు, వెనకవైపులు మాత్రం అన్నీ బయటికే. ముసలమ్మ వంగి ఒక్కో మేక దగ్గర నాలుగు ధారలు పితికి పక్కదానికి జరుగుతోంది. వరస అయిపోయాక ఆ పిల్ల తాడు కొస పట్టి ఒక్క గుంజు గుంజింది. అంతే, ముడి అన్నదే లేనట్టు మొత్తం తాడు జారిపోయి మేకలన్నీ ఒక్కసారి విడిపోయాయి. అన్నయ్య చప్పట్లు కొట్టాడు. ఆ మేకల లోపలి ఉన్నే పశ్మీనా. చలి ఎముకలు కొరికే చోట బతకడానికి అవి ఒంటి మీద పెంచుకునే మెత్తటి పొర అది. చలి తగ్గిపోయాక దువ్వెనలతో దువ్వి తీస్తారు. నేను ఒక మేక వీపు మీద చెయ్యి పెట్టి చూశాను. పైన గరుకు, వేళ్ళు లోపలికి పోయేకొద్దీ వెచ్చన.

అక్కడ వంగి లేచినప్పుడే తల వెనక మొదటిసారి 'టక్' మంది. ఎండ అనుకున్నాను.

కోర్జోక్‌లో ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. అన్నం కుక్కర్లో పెడితేనే ఉడికింది. అంత ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఎంతసేపు మరిగినా అంతకు మించి వేడెక్కవు. నాకు తినాలని లేదు. రెండు ముద్దలు తిని "లంచ్ ఎక్కువైంది" అన్నాను. లంచ్‌కి తిన్నది ఒక మ్యాగీ.

అన్నయ్యా నేనూ ఒకే గదిలో పడుకున్నాం. అర్ధరాత్రి ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. గట్టిగా నాలుగైదు సార్లు తీస్తాడు, తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. నేను చీకట్లో లెక్కపెట్టేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు... పది. పదకొండుకి ఒక్క ఎగశ్వాస తీసి మళ్ళీ మొదలు. అంత ఎత్తులో నిద్రలో ఇలా కావడం మామూలే అని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం వదిన ముఖం కళ్ళ ముందు ఆడింది. రెండుసార్లు లేచి ఆయన్ని తట్టాను. "ఏరా, ఇంకా పడుకోలేదా?" అన్నాడు రెండుసార్లూ. నా తల మాత్రం బిగించి పట్టీ కట్టినట్టు ఉంది. ఒంటికి పోవడానికి మూడుసార్లు బయటికి పోవాల్సి వచ్చింది. మూడోసారి ఆ గాల్లో నిలబడి, ఇక ఈ మాత్ర వేసుకోనని నిర్ణయించుకున్నాను. పొద్దున్న అందరూ మాత్రలు వేసుకుంటుంటే నేను నాది జేబులో వేసుకున్నాను.

తెల్లారాక మాత్రం సరస్సు నీలం చూసి అందరం నోరు తెరిచాం. పట్టెతల బాతులు, అంటే తల మీద రెండు నల్లచారలున్న బాతులు, ఒడ్డున పచ్చికలో మేస్తున్నాయి. ఇవి హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశపు మైదానాలకి శీతాకాలం గడపడానికి వస్తాయి. ఏ డయామాక్సూ లేకుండా. నేను పారాసెటమాల్ వేసుకుని బండెక్కాను.

మళ్ళీ మాహే దాకా వెనక్కి వచ్చి, న్యోమా దాటి, లోమా వంతెన దగ్గర సింధుని వదిలి హాన్లే వైపు తిరిగాం. ఇక్కడ లోయ విశాలమవుతుంది, కొండలు దూరం జరుగుతాయి. ఎంతసేపు పోయినా అదే కొండ ఎదురుగా ఉంటుంది. మా ఫ్రెండు పాటలు పెట్టాడు. నాకు ఆ శబ్దం మేకు కొట్టినట్టుంది కానీ నోరు మెదపలేదు. ఒక గంట తర్వాత వాడి భార్య వెనక్కి తిరిగి చూసి "అన్నయ్యగారూ, ఏంటి ఇవాళ అసలు మాట్లాడట్లేదు?" అంది. "చూస్తున్నానమ్మా" అన్నాను.

హాన్లే ఊరు 4,200 మీటర్ల పైన. పక్కనే కొండ మీద 4,500 మీటర్ల ఎత్తున భారత ఖగోళ వేధశాల ఉంది, అందులో రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు. 2000 సంవత్సరంలో పని మొదలుపెట్టిన ఈ టెలిస్కోపుని నడిపేది మాత్రం ఇక్కడ కూర్చుని కాదు, బెంగళూరు దగ్గర హోస్కోటె నుంచి, ఉపగ్రహం ద్వారా. ఇక్కడ ఊపిరాడదు కాబట్టి ఖగోళవేత్త అక్కడ ఫిల్టర్ కాఫీ తాగుతూ తిప్పుకుంటాడన్నమాట. పొడి గాలి, మబ్బు తక్కువ, చుట్టూ ఊళ్ళు లేవు. చుక్కలు చూడటానికి ఇంతకన్నా ఏం కావాలి. 2022లో ఈ చుట్టుపక్కల వెయ్యికి పైగా చదరపు కిలోమీటర్లని చీకటి ఆకాశపు అభయారణ్యంగా ప్రకటించారు. రాత్రిళ్ళు తెల్ల లైట్లు వెయ్యరు, ఇంటి కిటికీలకి మందపాటి పరదాలు. ఊరి కుర్రాళ్ళకీ అమ్మాయిలకీ శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు ఇచ్చారు. వచ్చినవాళ్ళకి వాళ్ళే ఆకాశం చూపిస్తారు.

మాకు చూపించింది ఇరవై ఏళ్ళ అమ్మాయి. ఎర్ర టార్చి పెట్టుకుని, శని వలయాలు ఒకొక్కరికీ ఓపిగ్గా చూపించింది. పాలపుంత మన ఊళ్ళలో కనిపించే మసకచార కాదు, దాంట్లో నల్లటి పాయలు కూడా విడివిడిగా కనిపించాయి. అన్నయ్య మెడ ఎత్తి చాలాసేపు అలాగే ఉండిపోయి, శ్రవణా నక్షత్రాన్ని వేలితో చూపిస్తూ "శ్రావణమాసం పేరు దీన్నించే వచ్చిందమ్మా" అని ఆ పిల్లకి వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆ పిల్ల లద్దాఖీలో దాని పేరేదో చెప్పింది. నాకు మాత్రం టెలిస్కోపులో శనిగ్రహం రెండుగా కనిపించింది. ఫోకస్ సరిగా లేదేమో అనుకున్నాను. మేనకోడలు చూస్తే ఒకటే ఉందంది.

చలికి వణుకుతూ గెస్ట్‌హౌస్ వంటింట్లోకి వచ్చాం. పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఇంటావిడ గుర్‌గుర్ చాయ్ పోసింది, వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ. నేను కప్పు బల్ల మీద పెట్టాను. అంటే పెట్టాననుకున్నాను. బల్ల అంచుకి బెత్తెడు ఇవతల, గాల్లో పెట్టాను. కప్పు కింద పడి పగిలింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్న అచోలే నవ్వలేదు. ఆ రాత్రి డైరీలో నా అంకె 82. దాని సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఉమ్లింగ్ లాకి పొద్దున ఐదున్నరకి బయల్దేరాలి. బూట్లు వేసుకోవడానికి నాకు పావుగంట పట్టింది. లేసు ఒక చెవి పట్టుకుంటే రెండోది చేతికి దొరకట్లేదు. బయటికొస్తే అచోలే బండి ఇంజను ఆపేసి నిలబడి ఉన్నాడు. కాలి మడమతో కంకర నేల మీద ఒక గీత గీశాడు, నిటారుగా, పది అడుగుల పొడవున.

"సర్, దీని మీద నడవండి. ఒక మడమకి ఇంకో కాలి వేళ్ళు తగిలేలా."

నేను నవ్వి "పొద్దున్నే తాగలేదు అచోలే" అన్నాను.

"నడవండి సర్."

ఆ గొంతులో ఏముందో కానీ అందరూ ఆగి చూశారు. మొదటి అడుగు బాగానే పడింది. రెండోది వేస్తుంటే గీత కుడివైపుకి జరిగినట్టనిపించింది. మూడో అడుగుకి ఒళ్ళంతా ఎడమకి ఒరిగిపోయి బండి బానెట్ పట్టుకున్నాను. "రాయి తగిలింది" అన్నాను. "మళ్ళీ నడవండి" అన్నాడు. రెండోసారి రెండో అడుగుకే పడ్డాను. అచోలే అన్నయ్యని పిలిచాడు. మోకాలు నొప్పి మనిషి, 62 ఏళ్ళు, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, గీత మీద ఈ చివర నుంచి ఆ చివరికి పిల్లాడిలా నడిచిపోయాడు. వెనక్కి కూడా వచ్చాడు.

మెదడులో నీరు చేరడం మొదలైతే ముందు తప్పేది నడక అని నాకు చెప్పింది అచోలేనే. ఆయన ఏ పుస్తకమూ చదివి చెప్పలేదు, ముప్పై ఏళ్ళుగా జనాన్ని తిప్పుతూ చూసి నేర్చుకున్నాడు. "రాత్రి కప్పు చూశాకే అనుకున్నాను. ఇక పైకి లేదు. కిందికే."

మా ఫ్రెండు ఊరుకోలేదు. "ఒరేయ్, ఇంత దూరం వచ్చి... సిలిండర్ ఉంది కదా, ఓ రెండు గంటలు ఆక్సిజన్ పెట్టి చూద్దాం. తగ్గితే పోదాం." వాడి బాధ నాకర్థమైంది, ఆఫీసులో సెలవు కోసం వాడు పడ్డ పాట్లు నాకు తెలుసు. సిగ్గులేకుండా చెప్తున్నాను, నేనూ అవునవునన్నాను. వాడి భార్య ఎవరితోనూ వాదించలేదు. లోపలికి వెళ్ళి అందరి బ్యాగులూ ఒకటొకటిగా తెచ్చి డిక్కీలో పెట్టేసింది. ఐదు నిమిషాల్లో బండి కదిలింది.

చాంగ్‌థాంగ్ గుట్టు అప్పుడు తెలిసింది. కొండెక్కుతుంటే ఒళ్ళు తేడా చేసిందనుకోండి, వెనక్కి తిరిగితే గంటలో ఐదారువందల మీటర్లు దిగిపోవచ్చు. ఇది కొండ కాదు, పీఠభూమి. ఎత్తైన బల్ల మీద చీమలా ఉన్నాం, అంచు ఎక్కడో ఉంది. హాన్లే నుంచి న్యోమా దాకా డెబ్బై ఎనభై కిలోమీటర్లు పోయినా దిగేది వంద మీటర్ల చిల్లర. ఉప్షీ దగ్గర కానీ 3,400కి రాం. లేహ్‌కి మొత్తం 250 కిలోమీటర్లు. దిగుదామన్నా దిగడానికి పల్లం లేదు.

లోమా దగ్గర సింధు మళ్ళీ కనిపించింది. నేను మూతికి మాస్కు పెట్టుకుని మేనకోడలి భుజం మీద ఒరిగి ఉన్నాను. మాస్కులో నా ఊపిరి చప్పుడు తప్ప బండిలో ఇంకేం లేదు. ముందు సీట్లో అన్నయ్య కిటికీలోంచి నదినే చూస్తున్నాడు. "భయపడకురా. దాని పక్కనే పోతే చాలు. నీరు పల్లమెరుగు" అన్నాడు. సామెతలో రెండో సగం ఆయన అనలేదు. నిజం దేవుడెరుగు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో, మర్చిపోయి వదిలేశాడంటే నేను నమ్మను.

దారిలో ఒక ఆర్మీ క్యాంపు దగ్గర అచోలే బండి ఆపి పరిగెత్తాడు. వాళ్ళు ఏ కాగితాలూ అడక్కుండా లోపలికి తీసుకెళ్ళారు. పెద్ద సిలిండర్, మెదడు వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఇంజెక్షన్. మందిచ్చిన కుర్రాడిది మరాఠీ యాస. "మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగాడు. నేను జేబులోంచి తీసి చూపించాను. మూడు మాత్రలు, దూది అంటుకుని. మేనకోడలు వాటిని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. తిట్టుంటే బావుండేది.

చుమాథాంగ్ దాటేటప్పుడు నదీ ఒడ్డున ఊటల ఆవిరి కనిపించింది. అచోలే చేత్తో చూపించను కూడా లేదు. ఉప్షీ దగ్గరికి వచ్చేసరికి ఆకలేసింది. ఆకలేసిందని చెప్తే అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అక్కడ ఒక డాబాలో నేను తిన్న రాజ్మా చావల్ గురించి మా ఫ్రెండు ఇప్పటికీ చెప్తుంటాడు, రెండు ప్లేట్లట.

లేహ్‌లో ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకున్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది, మెత్తగా చెప్పినందుకే ఎక్కువ భయమేసింది. మళ్ళీ పైకి వెళ్ళొద్దంది. మిగతావాళ్ళని నుబ్రా లోయ చూసి రమ్మన్నాను, ఎవరూ పోలేదు. మిగిలిన రోజులు లేహ్ బజారులో ఎండు ఖుబానీలు కొంటూ, గెస్ట్‌హౌస్ పెరట్లో ఎండలో కూర్చుంటూ గడిచిపోయాయి. అచోలే రోజూ సాయంత్రం వచ్చి, నేను వద్దన్నా పెరట్లో గీత గీసి నడిపించేవాడు. మూడో రోజుకి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. "జూలే!" అన్నాడు, లద్దాఖీల నమస్కారం అది, మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వుతూ.

బయల్దేరే ముందురోజు పొద్దున టిఫిన్ దగ్గర మేనకోడలు డైరీ తీసింది. ఖంబీర్ రొట్టె మీద వెన్న రాస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"మామయ్యా, కోర్జోక్‌లో నిజంగా ఎంత?"

"71."

84 మీద అడ్డంగా గీత కొట్టి పక్కన 71 రాసింది. "హాన్లేలో?"

"అసలు పెట్టుకోలేదు."

82 కొట్టేసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య ఉడికించిన గుడ్డు పెంకు మహా శ్రద్ధగా ఒలుస్తున్నాడు.

"అమ్మడూ, అదే పేజీలో నాదెంత రాశావు?"

"86, పెద్దమామయ్యా."

"దాన్ని కాస్త... 74 చెయ్యి."

"అన్నయ్యా!" అన్నాను.

"మీ వదిన నీకు అప్పగించిందిగా. నువ్వు కంగారుపడతావని" అన్నాడు, గుడ్డు మీద మిరియాలు చల్లుకుంటూ.

మేనకోడలి చూపు మా ఫ్రెండు మీదకి తిరిగింది. వాడు రెండు చేతులూ ఎత్తేశాడు. "నన్ను చూడకు తల్లీ. నాది నిజంగా 88."

"ఏదీ, నాకైతే మిషన్ చూపించలేదే" అంది వాడి భార్య.

మేనకోడలు డైరీ ముయ్యలేదు. పెన్ను అలాగే పట్టుకుని వాడి వైపే చూస్తోంది.